తొమ్మిదో గడిలో సున్నా

హైమావతి పోయింది ఏప్రిల్ నెలాఖరులో ఒక మంగళవారం, పొద్దున పదీ ఇరవైకి. అదే రోజు సాయంత్రం నాలుగింటికి, ఇంటిముందు వేసిన కుర్చీలు ఇంకా తీయకముందే, పోస్ట్‌మన్ రిజిస్టర్డ్ ఉత్తరం తెచ్చాడు. పైన "డాక్టర్ కె. హైమావతి గారికి" అని ఉంది. నాగభూషణం సారు సంతకం పెట్టి, పక్కన "భర్త" అని రాసి, ఉత్తరం విప్పాడు.

"మీరు రూపొందించినట్లు చెప్పబడుచున్న మొక్కజొన్న రకం విషయమై, సదరు విత్తనం మొత్తమును వెంట తీసుకొని, దరఖాస్తుదారు మే నెల పన్నెండవ తేదీన ధాన్య ధ్రువీకరణ కార్యాలయమునకు స్వయముగా హాజరు కావలెను. గైర్హాజరైనచో తగు చర్య తీసుకోబడును."

నాగభూషణం ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాడు. ఒక మాట అనేముందు రెండుసార్లు తూచుకునే మనిషి. ఉత్తరాన్ని కూడా రెండుసార్లు చదివాడు. తగు చర్య ఏమై ఉంటుందా అని ఆలోచించాడు. హైమావతి మీద ఇంకా తీసుకోగలిగిన చర్య ఏదీ ఆయనకు తోచలేదు.

ఆమె పదకొండేళ్లు ఒకే పని మీద కూర్చుంది. కోతల ముందు వాన పడితే మొక్కజొన్న కంకికి బూజు పడుతుంది. పట్టిన బూజు ఊరికే ఉండదు, గింజలోకి విషం వదులుతుంది. నల్లబడ్డ గింజలు కోళ్ల దాణాకి పోతాయి. మరీ నల్లబడ్డవి ఎవరూ కొనరు కాబట్టి పండించినవాళ్లే తింటారు.

"గింజలో బూజుకు అన్నం పెట్టేది పిండి పదార్థమేనండీ," అని ఒకసారి భోజనాల దగ్గర చెప్పింది. "దాన్ని చక్కెర కింద విడగొట్టుకుని తింటుంది. తిని బలిశాక విషం కక్కుతుంది. ఆ పిండి పోగుల్నే కాస్త బిగుతుగా అల్లామనుకోండి, దానికి కొరుకుడు పడదు. ఆకలితో పడి ఉంటుంది."

"మరి మనకు కొరుకుడు పడుతుందా?"

"మనం వండుకుంటాం. బూజుకు పొయ్యి లేదుగా."

అలా అల్లిన గింజలు చివరికి రెండు కిలోలు తయారయ్యాయి. ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం ఆ పథకాన్ని మూసేసింది. ఆమె గింజల్ని ఒక బిస్కెట్ డబ్బాలో పోసి మూతమీద కాగితం అంటించింది: "ఈ వానాకాలం తప్పక నాటాలి. దాటితే మొలక సగానికి పడిపోతుంది." ధ్రువీకరణ లేని విత్తనం నాటడం నేరం కనుక, ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టింది. ఆ దరఖాస్తుకు జవాబు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆమె జబ్బుకు అంత సమయం పట్టలేదు.

*

పన్నెండో తేదీన నాగభూషణం డబ్బా పట్టుకుని కార్యాలయానికి వెళ్లాడు. సంచిలో మరణ ధ్రువపత్రం మూడు ప్రతులు పెట్టుకున్నాడు. ఏ కాగితమైనా మూడు ప్రతులు ఉంచుకోవడం ఆయన అలవాటు.

ఉపసంచాలకులు కేదారేశ్వరరావు గారు పెద్ద బల్ల వెనక కూర్చుని ఉన్నారు. పక్క బల్ల దగ్గర గుమాస్తా స్వరూప కంప్యూటరు ముందు ఉంది.

"దరఖాస్తుదారు?" అన్నారు ఉపసంచాలకులు.

"ఆమె చనిపోయారండి. నేను భర్తను." ధ్రువపత్రం ఒక ప్రతి ఇచ్చాడు.

"అయ్యో, మిక్కిలి విచారకరం," అని ఆయన ధ్రువపత్రాన్ని దస్త్రంలో పెట్టించి, స్వరూప వైపు తిరిగారు. "హాజరు కింద ఏం నమోదు చేస్తున్నారు?"

"రెండే ఉన్నయి సార్. హాజరు, గైర్హాజరు."

"అయితే గైర్హాజరు అని వేయండి. కారణం సముచితమా కాదా అన్నది తదుపరి పరిశీలిద్దాం."

పాతికేళ్ల సంసారంలో హైమావతి చెప్పిన వేళకు రాకపోవడం నాగభూషణం ఎరగడు.

పరీక్ష పద్ధతి సులువే. ప్రధాన కార్యాలయం నుంచి సీసాలో వచ్చే ప్రామాణిక బూజును గింజల మీద చల్లి, పది రోజులు తడిగుడ్డలో ఉంచుతారు. బూజు ఎన్ని గింజలకు పట్టిందో శాతం లెక్కగట్టి, నమూనా పత్రంలో తొమ్మిదో గడిలో రాస్తారు. ఐదు శాతం లోపు ఉంటే ధ్రువీకరిస్తారు, దాటితే తిరస్కరిస్తారు. పది రోజుల తర్వాత రెండో విచారణకు నాగభూషణం వెళ్లేసరికి కార్యాలయం అంతా ఒకచోట చేరి ఉంది. గింజలు తళతళలాడుతున్నాయి.

"బూజు పట్టలేదండీ," అన్నారు ఉపసంచాలకులు, ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పే గొంతుతో.

"సంతోషమండి."

"సంతోషం మీకు. తొమ్మిదో గడిలో మేము ఏం రాయాలి?"

"సున్నా అని రాయండి."

స్వరూప కంప్యూటరు తెర ఇటు తిప్పింది. "సున్నా కొడితే 'పరీక్ష జరగలేదు' అని వస్తది సార్. ఒకటి నుంచి వంద దాకనే తీసుకుంటది."

"కానీ పరీక్ష జరిగింది కదండీ?"

"జరిగింది," అన్నారు కేదారేశ్వరరావు గారు. "అయితే జరిగినట్లు ఫలితం లేదు. ఫలితం లేని పరీక్షను జరిగినదిగా భావించుటకు నిబంధనల్లో అవకాశం లేదు. బూజు లేని ధాన్యం ఈ కార్యాలయానికి ఇంతవరకు రాలేదు మరి. వస్తుందని ఎవరూ ఊహించలేదు."

ఆయన భోజనానికి లేచాక స్వరూప గొంతు తగ్గించింది. "సార్, నేనొక మాట చెప్తా. ఒకటి అని కొట్టేస్త. ఐదు లోపే గదా. రేపటికల్లా ధ్రువీకరణ చేతికొస్తది. ఎవరడుగుతరు?"

నాగభూషణం కాసేపు తెర వంక చూశాడు. ఇరవై ఆరేళ్లుగా పిల్లల కాగితాల మీద, జవాబు కుదిరినా లెక్క తప్పయితే అడ్డంగా ఎర్రగీత కొట్టినవాడు.

"వద్దమ్మా," అన్నాడు. "ఆమె పదకొండేళ్లు పనిచేసింది ఆ సున్నా కోసమే."

"మీ ఇష్టం సార్," అంది స్వరూప. ఒకటి అంకె మీద వేలు ఇంకా అలాగే ఉంది.

*

గింజ తప్పు లేదు కనుక తప్పు బూజుదే అయి ఉండాలని కార్యాలయం నిర్ణయించింది. ప్రయాణంలో ఎండదెబ్బ తగిలి ఉంటుందని అనుమానించారు. క్యాంటీన్ నుంచి ఒక బన్ను తెప్పించి దానిమీద బూజును చల్లి చూశారు. నాలుగో రోజుకల్లా బూజు కింద బన్ను కనిపించకుండా పోయింది.

"బూజు ఆరోగ్యవంతంగా ఉన్నది," అని ఉపసంచాలకులు నమోదు చేయించారు. "అయినను దాని మనోధైర్యం దెబ్బతినకుండా చూడవలసిన బాధ్యత కార్యాలయంపై ఉన్నది."

జూన్ మొదటివారంలో ఫణికుమార్ అనే యువకుణ్ని బూజు సంరక్షణాధికారిగా వేశారు. బూజుకు వేరే గది ఇచ్చారు. గదికి ఏసీ పెట్టించారు. తలుపుమీద "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు పెట్టారు. కేదారేశ్వరరావు గారి గదిలో ఉన్నది గోడకు కొట్టిన ఫ్యాను. అది కూడా మూడో నంబరు మీద తిరగదు. ఏసీ నీళ్లు బయటికి పోవడానికి గొట్టం వేయాలి. దానికి వేరే మంజూరు కావాలి కనుక, అప్పటిదాకా గొట్టాన్ని గోడ అవతలికి తోసి వదిలేశారు. గోడ అవతల దస్త్రాల గది. గొట్టం సరిగ్గా ఆ నెల దస్త్రాలుండే బీరువా మీద తేలింది.

హైమావతి గింజల డబ్బాను మాత్రం సామాన్ల గదిలో పాత కుర్చీల మీద పెట్టారు. మూత బిగుతుగా ఉంది. లోపల ఆమె వేసిన వేపాకు ఇంకా వాసన వేస్తోంది.

రెండో పరీక్ష అయింది. ఫణికుమార్ రోజుకు మూడుసార్లు భూతద్దం పెట్టి చూశాడు. బూజు గింజ చుట్టూ రెండు రోజులు తచ్చాడి, మూడోరోజు నీరసించి, ఐదోరోజు పోయింది.

"పాపం, చాలా ప్రయత్నించింది సార్," అన్నాడు ఫణికుమార్ నాగభూషణంతో. నిజంగానే బాధపడుతున్నాడు.

"ఆమెకు చూపించి ఉంటే బాగుండేది," అన్నాడు నాగభూషణం.

"ఎవరికి సార్?"

"దరఖాస్తుదారుకి."

*

రైతు ఐలవ్వ మడి ఊరి చివర ఉంటుంది. చుట్టూ పత్తిచేలు. వేరే మొక్కజొన్న పుప్పొడి వచ్చి కలిసే ప్రమాదం లేదని హైమావతి తన గింజలు నాటడానికి ఏరికోరి ఆ మడిని ఎంచుకుంది. ఐలవ్వకు అంతకుముందు సంవత్సరం బూజు కంకులు తిని పాడిబర్రె పోయింది. అందుకే హైమావతి అడగ్గానే మరో మాట లేకుండా ఒప్పుకుంది. ఇప్పుడు మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాయి.

"ఏమాయె సారూ? మడి రెండుసాల్లు దున్నిచ్చి పెట్టిన. గింజలియ్యరా?"

"పరీక్ష చేస్తున్నారు ఐలవ్వా."

"ఏం పరీక్ష?"

"బూజు పడుతుందా లేదా అని."

"పట్టిందా?"

"పట్టలేదు."

"మరింకేంది? ఇచ్చేయమను."

"పట్టలేదనే ఇవ్వడం లేదు."

ఐలవ్వ కొంగుతో మొహం తుడుచుకుని ఆయన వంక తేరిపార చూసింది. మొన్న భార్య పోయిన మనిషి, మాట తడబడుతున్నాడేమో అనుకుంది. "తిన్నవా సారూ పొద్దుగాల?" అని అడిగింది.

*

మూడో విచారణ జూన్ ఇరవై మూడున జరిగింది. సెలవులు అయిపోయాయి కనుక నాగభూషణం బళ్లో సెలవు పెట్టి వెళ్లాడు. ఈసారి ఉపసంచాలకులు ఒక సంజాయిషీ నోటీసు తయారుచేయించి ఉంచారు.

"సదరు గింజ రెండు పర్యాయములు పరీక్షకు సహకరించలేదు," అని చదివారు. "బూజు పట్టుటకు కార్యాలయం అన్ని వసతులు కల్పించినను, గింజ ఉద్దేశపూర్వకంగా లొంగకపోవుట గమనించడమైనది. ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు రోజులలోగా తెలుపవలెను."

"గింజ తెలపాలా అండీ?"

"గింజ తరఫున దరఖాస్తుదారు. ఆవిడ ఈ రోజూ రాలేదు కదా?"

"ఆమె చనిపోయారండి."

"అవునవును. స్వరూపా, గైర్హాజరు, మూడవ పర్యాయం." ఆయన నోటీసు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. గొంతులో నిజమైన మంచితనం వచ్చింది. "చూడండి మాస్టారూ, మేము మీకు వ్యతిరేకం కాదు. మధ్యేమార్గం ఒకటి ఆలోచించాం. ఆ పిండిని బిగుతుగా అల్లారంటున్నారు కదా, కాస్త వదులు చేయించండి. పూర్తిగా వద్దు. బూజుకు ఓ రెండు మూడు శాతం అవకాశం ఇచ్చేటట్టు. వెంటనే ధ్రువీకరించేస్తాం."

"వదులు చేస్తే మామూలు మొక్కజొన్న అవుతుంది కదండీ."

"అదే నేను చెప్పేది. మామూలు మొక్కజొన్నను ధ్రువీకరించడంలో ఈ కార్యాలయానికి ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది."

నాగభూషణం లేచి నమస్కారం పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, "వానాకాలం దాటిపోతోందండి," అన్నాడు. "మూతమీద రాసి ఉంది."

"రాతపూర్వకంగా ఉంటే తప్పక పరిశీలిస్తాం," అన్నారు ఉపసంచాలకులు.

*

జూలై మూడోవారంలో స్వరూప ఫోన్ చేసింది. "సార్, మీ పని అయిపోయింది. తొమ్మిదో గడి నిండింది."

నాగభూషణం వెళ్లేసరికి కార్యాలయంలో లడ్డూలు పంచుతున్నారు. ఆయన చేతిలో కూడా ఒకటి పెట్టారు. కేదారేశ్వరరావు గారి మొహం కళకళలాడుతోంది. బల్లమీద ఒక దస్త్రం ఉంది. అది హైమావతి దస్త్రమేనని నంబరును బట్టి తెలిసింది. నెలన్నరగా ఏసీ నీళ్లు బొట్టుబొట్టుగా దానిమీదే పడ్డాయి. అట్టమీద నల్లగా, పచ్చగా, అక్కడక్కడా తెల్లటి నూగుతో బూజు తివాచీలా పరుచుకుంది.

"ఫణికుమార్ చొరవండీ ఇది," అన్నారు ఉపసంచాలకులు. "దస్త్రం కోసం వెళ్లి ఇది చూశాడు. గళ్లకాగితం పెట్టి లెక్కగట్టాడు. ఎంతయ్యా?"

"ముప్పై ఎనిమిది శాతం సార్," అన్నాడు ఫణికుమార్ వినయంగా.

"అది దస్త్రం కదండీ," అన్నాడు నాగభూషణం.

"నిబంధన పదకొండు చూడండి. నమూనాకు, దస్త్రానికి నంబరు ఒక్కటే. ఒకదానికి వర్తించునది రెండవదానికి వర్తించును. ఇన్నాళ్లూ మాకే తట్టలేదు. కంప్యూటరు కూడా మారుమాట లేకుండా తీసుకుంది."

"ఈ బూజు మీ ప్రామాణిక బూజేనా?"

"స్థానికమైనదే. కానీ చూశారుగా, ఎంత చక్కగా పట్టిందో. ఏ వసతీ ఇవ్వలేదు దానికి."

నాగభూషణం లడ్డూను బల్ల అంచున కాగితం మీద పెట్టాడు. "అయితే ముప్పై ఎనిమిది వేశారు."

"వేశాం. ఐదు దాటింది కనుక తిరస్కరించాం. బాధపడకండి. తిరస్కరించడమైనా ఒక ముగింపే కదా. ఇక మిగిలింది ఒక్కటే. బూజుకు తేలిగ్గా లోనయ్యే రకంగా రుజువైంది కాబట్టి, ఆ విత్తనాన్ని ఇక్కడే పెరట్లో కాల్చివేయాలి. అగ్గిపెట్టె సిద్ధం. దరఖాస్తుదారు సమక్షంలో, దరఖాస్తుదారు సంతకంతో జరగాలి. ఆవిడను పిలవండి."

స్వరూప తల వంచుకుంది.

"ఆమె చనిపోయారండి," అన్నాడు నాగభూషణం మళ్లీ.

"మీరు నోటిమాటగా అంటున్నారు. ఆధారం ఉందా?"

"మొదటి రోజే ఇచ్చానండి. దస్త్రంలో ఉంది."

ఫణికుమార్ చేతికి తొడుగు వేసుకుని దస్త్రం విప్పాడు. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ధ్రువపత్రం దొరికింది. కింద ముద్ర ఉంది, తేదీ ఉంది, అధికారి సంతకం ఉంది. పేరు ఉన్నచోట బూజు తినేసి చేతివేలంత కన్నం పడింది.

ఉపసంచాలకులు కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశారు. కన్నంలోంచి కిటికీ కనిపించింది.

"ఎవరో చనిపోయారన్నది వాస్తవం," అన్నారు. "ఎవరన్నది దస్త్రంలో లేదు. దస్త్రం ప్రకారం డాక్టర్ హైమావతి గారు జీవించి ఉన్నారు. నాలుగు విచారణలకు గైర్హాజరయ్యారు, అంతే."

నాగభూషణం కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ఈ మూడు నెలల్లో ఆమె జీవించి ఉందన్న మాట ఎవరూ అనలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు అనలేదు. ఆయన కూడా ఎప్పుడూ అనుకోలేదు.

"ఇంకో ప్రతి ఉంటే ఇవ్వండి మాస్టారూ," అన్నారు కేదారేశ్వరరావు గారు, ఆయన మేలు కోరి. "మరణం రుజువైతే వారసునిగా మీ సంతకమే చాలు. ఇప్పుడే తగలబెట్టేసి, దస్త్రం మూసేద్దాం. రుజువు కాకపోతే ఆవిడ వచ్చేదాకా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. కాల్చనూ లేం, తిరిగి ఇవ్వనూ లేం."

సంచి నాగభూషణం ఒళ్లోనే ఉంది. లోపలి అరలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రెండు ప్రతులు. ఆయన అరచేయి సంచి మీద పెట్టుకున్నాడు. స్వరూప ఆ చేతి వంక చూసి, చూపు తిప్పుకుని, కంప్యూటరు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఆ రోజు ఒకటి అని కొట్టనిచ్చి ఉంటే ఈపాటికి ఐలవ్వ మడిలో మోకాలెత్తు మొక్కలు ఉండేవని ఆయనకు తెలుసు. తన ఎర్రగీత ఎక్కడ పడిందో కూడా తెలుసు.

"లేదండి," అన్నాడు. "ఇంకో ప్రతి లేదు."

"పోనీ ఆవిడ ఎప్పుడు రాగలరు?"

నాగభూషణం ఈ మాటను రెండుసార్లు తూచలేదు.

"కబురు చేస్తానండి," అన్నాడు.

"మంచిది. స్వరూపా, గైర్హాజరు, నాలుగవ పర్యాయం. తదుపరి విచారణ తేదీ తెలియజేయబడును అని వేయండి."

వెళ్లేటప్పుడు ఆయన సామాన్ల గది ముందు ఆగాడు. కిటికీలోంచి డబ్బా కనిపిస్తోంది. కార్యాలయంలో కుర్చీల తోలుకు బూజు పట్టింది. గోడ గడియారానికి పట్టింది. సెలవు చీటీల పుస్తకానికి పట్టింది. డబ్బా మూతమీద ఆమె దస్తూరీ మాత్రం నీలం సిరాలో శుభ్రంగా ఉంది.

బస్సు దిగి నేరుగా ఐలవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆమె గట్టుమీద కూర్చుని ఉంది. చుట్టూ పత్తి మొలిచి రెండేసి ఆకులు దాటింది. మధ్యలో మడి ఒక్కటి బోసిగా ఉంది.

"ఏమన్నరు సారూ?"

"అమ్మగారు వస్తేనే ఇస్తామన్నారు."

ఐలవ్వ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. లేచి, మడిలో కొత్తగా లేచిన గడ్డిపోచలు రెండు పీకి గట్టుమీద పడేసింది.

పుష్యమి కార్తె దాటింది. మడి దున్నినట్టే ఉంది. డబ్బా సామాన్ల గదిలోనే ఉంది. గింజలు ఇంకా నాటలేదు.